మబ్బు రోజు చుక్కలు

ఆఫీసులో అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. దానితో ఎవరికీ పని పడలేదు.

ఆరేళ్ళుగా ఆమె చేసేది ఒకటే. సర్వేవాళ్ళు పొలాల వెంట తిరిగి, ఒక్కో పొలానికి ఒక్కో చుక్క ఫోనులో పెట్టి పంపుతారు. చుక్కతో పాటు పంట పేరు, పైరు ఎత్తు, ఒక ఫొటో. ఆమె ఆ చుక్కలను తెర మీద పరుస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తప్పులు ఏరుతుంది. చెరకు అని రాసి ఫొటోలో గేదె కనిపిస్తే తీసేస్తుంది. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని పొలం మధ్యకు జరుపుతుంది.

జరపడం ఎందుకంటే, సర్వేవాడు పొలంలో దిగడు. దిగితే బురద, దిగితే రైతు కేకలు. బాట మీద నిలబడే నొక్కుతాడు. చుక్క బాట మీదే పడుతుంది. పక్కన ‘ఎడమ’ అనో ‘కుడి’ అనో రాస్తాడు. ఊళ్ళోంచి పొలాలకు వెళ్ళేవాడికి ఎడమ చెయ్యి ఎటో అదే ఎడమ. ఇది ఆఫీసు నియమం. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె చుక్కను ఆ పక్క పొలంలోకి లాగుతుంది.

తర్వాతి పని పక్క గదిలోని మ్యాపు పిల్లది. ఇక్కడ మొక్కజొన్న ఉంది, ఇక్కడ బీడు ఉంది అని కొన్ని వేల చోట్ల చూపిస్తే, ఉపగ్రహం తీసిన బొమ్మలో మిగిలిన నేలంతా కంప్యూటరే పోల్చుకుంటుంది. చూపించింది తప్పయితే అంతే నమ్మకంగా తప్పు పోల్చుకుంటుంది. దానికి సిగ్గూ లేదు, భయమూ లేదు. ఆ రెండూ ఇటు కూర్చున్నవాళ్ళకే ఉండాలి.

చుక్కలక్కకు భయం పుట్టుకతో వచ్చింది. తల్లి బట్టలు కుట్టేది. కత్తెర పెట్టే ముందు గుడ్డను నాలుగుసార్లు కొలిచి, ఐదోసారి దేవుడి వైపు చూసేది. కూతురు కూడా పదకొండేళ్ళు ఒక దర్జీ కొట్లో గుడ్డ కత్తిరించింది. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారి ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కత్తిరించింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. కొట్టు మూతపడ్డాక నలభయ్యో ఏట కంప్యూటరు నేర్చుకుంది. ఈ ఆఫీసులో పరీక్షకని వంద చుక్కలిచ్చి, ఇందులో ఐదు తప్పులున్నాయి, పట్టుకోమన్నారు. ఆమె ఏడు పట్టుకుంది. ఏడూ తప్పులే. పని ఇచ్చారు.

భర్త తాళాలు బాగుచేస్తాడు. బయలుదేరేటప్పుడు ఆమె తలుపు తాళం మూడుసార్లు లాగి చూస్తుంది.

“తాళాలవాడి పెళ్ళానివి, నువ్వే నా తాళాన్ని నమ్మకపోతే ఊళ్ళో ఎవరు నమ్ముతారే?” అంటాడు.

“దానికి ధైర్యం చెప్పకురా. దాని భయం వల్లే ఈ ఇంట్లో పాలు పొంగవు” అంటుంది అత్తగారు.

ఇలా నడిచిపోతున్న రోజుల్లో ఒక సోమవారం మధ్యాహ్నం మ్యాపు పిల్ల తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

“అక్కా, నివేదిక అట్ట మీదికి ఒక మంచి ఫొటో కావాలి. పచ్చగా, ఆకాశం కనబడేలా. గొడుగు బాబాయివి చూడవా? ఆయనవి బాగుంటాయి.”

గొడుగు బాబాయి ఈ పంటకాలమే చేరిన సర్వే మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు కరెంటు మీటర్ల లెక్క రాసి రిటైరయ్యాడు. ఎండైనా వానైనా గొడుగు ఉంటుంది. మిగతా నలుగురు సర్వేవాళ్ళు కుర్రకారు. ఫొటోలో సగం వాళ్ళ వేలే పడుతుంది. బాబాయి ఫొటోలు గోడకు తగిలించుకోవచ్చు.

ఆమె ఒక మొక్కజొన్న ఫొటో తెరిచింది. బాగుంది. కింద మూలలో గొడుగు నీడ పడింది. ఆ ముక్క కత్తిరించేస్తే సరి అనుకుని మౌసును అటు కదిపింది.

చెయ్యి ఆగిపోయింది.

బాబాయి పొద్దున్నే వెళ్ళి పదకొండుకల్లా ఇంట్లో ఉంటాడు. పొద్దుటి పూట నీడ పడమరకు పడుతుంది. నీడ ఆయన ముందు ఉంది. అంటే ఆయన పడమటి పొలాన్ని చూస్తూ ఈ ఫొటో తీశాడు. ఆ చుక్క తూర్పు పొలంలో ఉంది. అక్కడ పెట్టింది తనే.

ఇంకో ఫొటో తెరిచింది. నీడ. ఇంకోటి. నీడ. తెరిచి చూసినవాటిలో ఎడమ అని రాసినవాటన్నిటికీ ముందు నీడ ఉంది, కుడి అని రాసినవాటికి లేదు. అక్కడ బాటలన్నీ ఊరినుంచి దక్షిణానికి వెళ్తాయి. వెళ్ళేవాడికి ఎడమ తూర్పు. నియమం ప్రకారం ఆమె చేసింది తప్పు కాదు. అయినా బాబాయి పంపిన రెండువందల అరవై ఎనిమిది చుక్కలూ బాటకు అవతలి పక్క పడ్డట్టే.

లేచి మొహం కడుక్కుని, మెట్ల మీద నిలబడి బాబాయికి ఫోను చేసింది.

“బాబాయ్, మీరు చుక్కలు వెళ్ళేటప్పుడు పెడతారా, వచ్చేటప్పుడా?”

“వచ్చేటప్పుడే తల్లీ. మీటర్లు కూడా అంతే చూసేవాణ్ణి. కాళ్ళు బాగున్నప్పుడే వీధి చివరికి వెళ్ళిపోవాలి. అక్కణ్ణుంచి రాసుకుంటూ వస్తే ఇంటిదారిలో అలుపు తెలీదు.”

“మరి ఎడమ, కుడి?”

“నా ఎడమ నాకు తెలీదా ఏమిటి? ఈ చేత్తోనేగా గొడుగు పట్టుకుంటా!” అని నవ్వాడు. “ఏం, బాగా రాలేదా ఫొటోలు?”

“బాగా వచ్చాయి బాబాయ్.”

ఫోను పెట్టేసి మెట్టు మీద కూర్చుంది. గోడకు ఆనుకుంటే గోడ కదులుతున్నట్టనిపించింది.

గురువారం కాలువ కమిటీ కూర్చుంటుంది. మ్యాపులో పంట కనబడిన పిల్లకాలువలకే మూడో తడి ఇస్తారు. బీడుకు నీళ్ళు వదిలేంత దాతృత్వం ఈ ఏడు జలాశయానికి లేదు. బాబాయి తిరిగిందంతా చివరి పిల్లకాలువ చుట్టూ. చాలా చోట్ల బాటకు పడమర, కాలువ నీళ్ళు అందే పక్క, పంట; నీళ్ళు ఎక్కని తూర్పున బీడు. ఆమె రెండింటినీ తారుమారు చేసి కంప్యూటరుకు నేర్పింది. పోయిన శుక్రవారం తయారైన మ్యాపులో చివరి పిల్లకాలువ నీళ్ళందే నేలంతా బీడై ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టింది. అత్తగారు చూసి చూసి, “ఎవరైనా పోయారా?” అంది.

ఆమె చెప్పింది. భర్త చేతులు కడుక్కోకుండా అంతా విన్నాడు.

“తప్పు ఆయనది కదా” అన్నాడు.

“ఆయనకు నియమం ఎవరూ చెప్పలేదు. నీడ మొదటి రోజు నుంచీ ఉంది. నేను పంట చూశాను గాని నీడ చూడలేదు.”

“చెబితే ఉద్యోగం పోతుందా?”

“పోవచ్చు.”

“చెప్పకపోతే?”

ఆమె మెతుకులు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. అత్తగారు కంచం తీసి పక్కన పెట్టింది. “పోతే పోయింది. పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్. నువ్వు చెప్పకుండా ఇంట్లో కూర్చుంటే మేం బతకలేం” అంది.

మంగళవారం తొమ్మిదింటికి మ్యాపు పిల్లకు చెప్పింది. ఆ పిల్ల మొహంలో రంగు మారింది. తర్వాత గబగబా అంది: “అన్నీ అటూ ఇటూ మార్చేద్దాం అక్కా. ఎడమలన్నీ కుడి, కుడులన్నీ ఎడమ. గంట పని. నేను మళ్ళీ మ్యాపు తీస్తాను.”

“నీడ చూసి ఒక్కొక్కటీ మారుస్తాను.”

“అన్నిటికీ ఒకటేగా!”

“ఒకటే అని నిన్నటిదాకా నేనూ అనుకున్నాను.”

మూడింటికల్లా రెండువందల ఇరవై ఏడు మారాయి. అక్కడ ఆగింది. మిగిలిన నలభై ఒక్క ఫొటోల్లో దేనికీ నీడ లేదు. ఒకే రోజువి. ఆ రోజు మబ్బు. ఏ వేళకు తీసినవో పట్టీలో టైము గడి చూసుకోవచ్చు గాని, బాబాయి ఇంటికి వెళ్ళాక సిగ్నలు దొరికినప్పుడు పంపుతాడు, గడిలో పడేది పంపిన వేళే. అన్నిటికీ రాత్రి ఏడూ పది అనే ఉంది. ఆ నలభై ఒకటీ చిట్టచివరి బాటవి.

మళ్ళీ ఫోను చేసింది.

“మబ్బు రోజా?” అని బాబాయి ఆలోచించాడు. “మబ్బేస్తే వెళ్ళేటప్పుడే కానిచ్చేస్తానమ్మా, వాన మీద పడుతుందని. ఆ రోజు కూడా అంతే చేశాననుకుంటా. లేకపోతే... అబ్బే, చేసే ఉంటా.”

మ్యాపు పిల్ల తల పట్టుకుంది. “పోనీ ఆ నలభై ఒకటీ తీసేద్దాం.”

“తీసేస్తే ఆ చివర మ్యాపుకు ఏం తెలుస్తుంది?”

“ఏం తెలీదు. వాన తర్వాత బీడంతా గడ్డి లేచింది. పై నుంచి చూస్తే గడ్డీ పచ్చే, పైరూ పచ్చే. చుక్క లేకపోతే అది గుడ్డిదే.”

“బొమ్మ చూసి ఏ పక్క పంటలా ఉందో ఆ పక్క పెడితే?”

“అది చెప్పింది మళ్ళీ దానికే చెప్పినట్టవుతుంది అక్కా. దొంగనే సాక్ష్యం అడిగినట్టు.”

ఇద్దరూ కలిసి పెద్దసారు గదికి వెళ్ళారు. తలుపు తట్టడానికి చుక్కలక్క చెయ్యి లేవలేదు. మ్యాపు పిల్లే తట్టింది. పెద్దసారు అంతా విని కళ్ళద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. ఆయనా భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. అది తెలిశాక ఆమె భయం ఇంకా పెరిగింది. ధైర్యంగా ఉండవలసిన మనిషి ఒక్కరూ మిగల్లేదు.

“నియమం నేనే పెట్టాను. ఆయనకు చెప్పామా లేదా?” అన్నాడు.

“నేను అడగలేదు సార్” అంది ఆమె.

“రేపు సాయంత్రం ఐదుకు మ్యాపు పంపాలి. ఏం చేస్తావు?”

చుక్కలక్క అంది: “పొద్దున్నే వెళ్ళి చూసొస్తాను.”

ఆరేళ్ళలో లక్ష పొలాల మీద చుక్కలు పెట్టింది. ఒక్క పొలం గట్టు ఎక్కలేదు. బుధవారం మొదటి బస్సులో వెళ్ళింది. బాబాయి దిగేచోట గొడుగుతో నిలబడి ఉన్నాడు. చివరి బాట ఆమె అనుకున్నంత వెడల్పు లేదు. తెర మీద చిటికెనవేలంత ఉండేది, ఇక్కడ మనిషి పట్టేంతే ఉంది. రెండు పక్కలా గడ్డి. గడ్డిలో ఏదో కదిలింది.

“పామా బాబాయ్?”

“తొండ. దానికి నీకన్నా భయం. పద.”

తూము మీద రెండు దుంగలు వేసి ఉన్నాయి. కింద కాలువ ఎండి నెర్రెలు విచ్చింది. ఆమె దుంగల మీద కూర్చుని జరుగుతూ దాటింది. బాబాయి నవ్వలేదు. అందుకు ఆమె ఆయనకు చాలాకాలం రుణపడి ఉంది.

ఒక్కో ఫొటో ఫోనులో తెరిచి, అది ఎక్కణ్ణుంచి తీసిందో వెతుక్కుంటూ నడిచారు. ఒంగిన కరెంటు స్తంభం. విరిగిన ముళ్ళకంచె. తెల్ల రాయి. ఫొటోలో స్తంభం పొలానికి ఏ వైపు ఉందో ఇక్కడ అదే వైపు వచ్చేదాకా ఆమె అటు తిరిగి, ఇటు తిరిగి నిలబడింది. మొదటి పంతొమ్మిదీ నియమం ప్రకారమే సరిపోయాయి. బాబాయి వెళ్ళేటప్పుడే పెట్టాడు.

“చెప్పానా! మబ్బు రోజు వెళ్ళేటప్పుడే” అన్నాడు ఆయన గర్వంగా.

ఇరవయ్యోది సరిపోలేదు. ఎడమ అని ఉంది. ఎడమ పక్క స్తంభం లేదు, రాయి లేదు. ఆమె వెనక్కి తిరిగింది. రెండూ అక్కడ ఉన్నాయి. ఇరవై ఒకటి కూడా తిరగబడింది. ఇరవై రెండూ అంతే.

బాబాయి ఆగిపోయాడు. గొడుగు ముడిచాడు. బాట చివర మోటారు షెడ్డు కనబడుతోంది. దాన్ని చూస్తూ ఉండగా ఆయన నోరు కొంచెం తెరుచుకుంది.

“చినుకులు పడ్డాయమ్మా ఆ రోజు. ఫోను సంచీలో పెట్టుకుని ఆ షెడ్డులోకి పరిగెత్తా. అరగంట నిలబడ్డా. వాన వెలిశాక అక్కణ్ణుంచి... అక్కణ్ణుంచి రాసుకుంటూ వచ్చా.”

సగం వెళ్ళేటప్పుడు, సగం వచ్చేటప్పుడు. అన్నీ మార్చినా తప్పే, ఏదీ మార్చకపోయినా తప్పే. కూర్చున్న కుర్చీలోంచి ఆమె ఏం చేసి ఉన్నా సగం నేల మీద అబద్ధం చెప్పి ఉండేది. గట్టు మీదే కూర్చుంది.

మొక్కజొన్నలోంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. తలగుడ్డ, చేతిలో కొడవలి. ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

“ఎవరు మీరు? కొలతలా?”

“కాదండీ. ఏ పంట ఉందో చూస్తున్నాం.”

“కనబడ్డంలేదా ఏం పంటో?” అంది. “చూసి ఏం చేస్తారు? నీళ్ళు ఇస్తారా?”

పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు, అప్పుడే ఆకులు సన్నగా చుట్టుకుపోయి ఉన్నాయి. ఫొటోలో అవి విచ్చుకుని ఉన్నాయి. చుక్కలక్క ఒక ఆకు పట్టుకుంది. గుడ్డలా మెత్తగా ఉండాల్సింది కాగితంలా కరకరలాడింది.

“ఎన్నాళ్ళు ఆగుతుందండీ ఇది?”

“ఆగుతుందా? అదేమన్నా నా మొగుడా, ఆగమంటే ఆగడానికి? ఆదివారం దాటితే గొడ్లకు కోసేస్తా.” ఆగి, ఈసారి మెల్లగా అడిగింది. “ఇస్తారంటావా అమ్మా?”

ఇస్తారు అనలేదు చుక్కలక్క. ఇవ్వరు అనలేదు. “మీ పొలం ఇదేనా, ఆ స్తంభం దాకా?” అని అడిగి, ఫోనులో చూసుకుని, రాసుకుంది. తర్వాత ఇంకోసారి అడిగింది. ఆ మనిషి ఇంకోసారి చెప్పింది.

ఒంటిగంటకల్లా ముప్పై తొమ్మిది తేలాయి. మిగిలిన రెండు ఫొటోల్లో పైరు తప్ప ఏ గుర్తూ లేదు. అటు చూసినా ఇటు చూసినా కోసేసిన మోళ్ళే ఉన్నాయి. బాబాయి ఒకటి ఇటే అన్నాడు. తర్వాత అటేమో అన్నాడు.

బస్సులో ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు. “నా ఎడమను నమ్మి ఎన్ని చుక్కలు జరిపావో కదా” అన్నాడు. ఆమె, “ఫొటోలు మీవే బాగుంటాయి బాబాయ్” అంది.

నాలుగున్నరకు మ్యాపు పిల్ల గదిలో తెర మీద కొత్త మ్యాపు మెల్లగా పరుచుకుంది. చివరి పిల్లకాలువ పడమటి పక్క పంట రంగు పట్టింది. పెద్దసారు వెనక నిలబడి చూస్తున్నాడు.

“ఇప్పుడు సరేనా?” అని అడిగాడు. అడిగింది మ్యాపు పిల్లను కాదు.

“ముప్పై తొమ్మిదింటికి నేను పూచీ సార్. రెండింటికి కాదు. ఆ రెండూ తీసేశాను.”

“రెండేగా. ఏదో ఒక పక్క పెట్టేస్తే లెక్క నిండేది.”

“నాకు తెలీదు సార్ అవి ఏ పక్కో.”

ఆయన తల ఊపాడు. “పంపనా?” అంది మ్యాపు పిల్ల, వేలు పైకెత్తి పట్టుకుని. ఇద్దరూ చుక్కలక్క వైపే చూశారు. ఆ గదిలో గడియారం ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. అది అంత గట్టిగా కొట్టుకుంటోంది.

“పంపు” అంది.

పంపాక సీటుకు వెళ్ళి మిగతా నలుగురు సర్వేవాళ్ళ ఫొటోలు తెరిచింది. నీడలు వెతికింది. గురువారం కూడా అదే పని. ఒక్కటీ తిరగబడలేదు. అయినా మళ్ళీ మొదటినుంచి చూసింది.

గురువారం సాయంత్రం నీళ్ళిచ్చే కాలువల జాబితా వచ్చింది. చివరి పిల్లకాలువ చివరి వరసలో ఉంది. శనివారం పొద్దున తూము ఎత్తుతారు. మ్యాపు పిల్ల వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. చుక్కలక్క ఆ వరసను మూడుసార్లు చదివింది. జాబితాలో ఉండడం వేరు, మడిలో ఉండడం వేరు. చివరి వాడికి నీళ్ళు చేరేలోపు పైవాళ్ళందరి దాహాలూ తీరాలి.

శనివారం సెలవు. పదింటికి బాబాయి ఫోను చేసి తూము ఎత్తారన్నాడు. ఒంటిగంటకు నీరు రెండో వంతెన దాటిందన్నాడు. మూడింటికి ఫోను రాలేదు. ఆమే చేసింది.

“నెర్రెలు తాగేస్తున్నాయమ్మా. వస్తోంది. మెల్లగా వస్తోంది.”

“పైన ఎవరైనా కట్టేశారా బాబాయ్?”

“తెలీదు.”

ఆమె డాబా మీద ఆరిన బట్టలు తీసింది. మడత పెట్టిన చీరే విప్పి మళ్ళీ మడత పెట్టింది. కింద నుంచి భర్త, “రమ్మంటే తీసుకెళ్తాను, బండి ఉందిగా” అన్నాడు. ఆమె రాలేనంది. వెళ్ళి ఎండిన కాలువ చూడవలసివస్తే, ఆ మనిషి కొడవలితో నిలబడి ఉంటే, తనేం చెయ్యాలి?

ఐదుకు ఫోను మోగింది.

“విను” అన్నాడు బాబాయి.

గరగరమని ఏదో చప్పుడు. ఎండాకులు ఈడ్చినట్టు ఉంది. గాలిలా కూడా ఉంది.

“అది నీళ్ళేనా బాబాయ్? గాలా?”

జవాబు లేదు. ఫోను గట్టు మీద పెట్టేసి వెళ్ళినట్టున్నాడు. చప్పుడు పెద్దదైంది. దానిలోంచి దూరంగా ఒక ఆడగొంతు లేచింది. ఆ గొంతు ఆమెకు తెలుసు.

“గండి పడుతోంది! అటు, అటు! చూస్తూ నిలబడతావేం ముసలాయనా, ఆ గొడుగు అవతల పారేసి మట్టి వెయ్యి!”

చుక్కలక్క రెండు చేతులతో ఫోను చెవికి నొక్కుకుంది. అడుగులు, పార చప్పుడు, మళ్ళీ ఆ గొంతు, తడి మట్టి పడుతున్న చప్పుడు. గండి పూడిందో తెగిందో తెలియడం లేదు. కింద నుంచి అత్తగారు పిలిచింది. ఆమె పలకలేదు, ఫోను కట్ చెయ్యలేదు, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.